పరదేశ వర్తకమున మన లక్ష్యము

మన అన్నవరమునకు తూర్పున సముద్రతీరమందు రొయ్యల సాగును, పడమట మెట్టసీమయందు ఆయిల్‌పామ్ తోటలును గలవు. రొయ్యల రైతు పరదేశములలో సుంకము తగ్గవలెనని కోరును. తోట రైతు స్వదేశమున దిగుమతి సుంకము తగ్గరాదని కోరును. ఒక్క తావుననే కోరికలు రెండు విధములుగా నుండగా, దేశము పక్షమున పరదేశీయులతో సంప్రదించువారు దేని నడుగవలెను? దేనిని విడువవలెను?

దీనిని చర్చాసభకు బోవుటకు ముందే తేల్చుకొనవలయును. ఆసియాన్ దేశములతో 2009లో జరిగిన ఒడంబడికలో మనవారు ముడి పామాయిలుపై సుంకమును బొత్తిగా ఎత్తివేయలేదు. దాని హద్దును దశాబ్దకాలములో నూటికి 80 నుండి 37½కు దించుటకే సమ్మతించిరి. అయితే అంతకు పూర్వమే, 2008లో, నూనె ధరలు మిన్నుముట్టగా, మన ప్రభుత్వమే ముడి వంటనూనెలపై సుంకమును తీసివేసెను. కావున ఒడంబడిక రైతును రక్షించు అధికారమును నిలుపునే గాని, రక్షణను తానే యొసగదు. నూనె కొను బీదకుటుంబపు క్షేమమును గూడ లెక్కింపవలసి యున్నది.

రొయ్యల సంగతి వేరు. 2025 ఆగస్టులో అమెరికా మన సరకులు పెక్కింటిపై సుంకమును నూటికి 50కి పెంచగా, ఒక్క విపణినే నమ్ముకొనుటలోని అపాయము తేటపడెను. అంతకు నెల ముందు బ్రిటనుతో చేసికొన్న ఒడంబడికలో రొయ్యలపై సుంకము తొలగించుటకు అంగీకారము కుదిరెను. పలు విపణులను సంపాదించుట యను లక్ష్యమునకు ఇట్టివి తోడ్పడును.

విద్యార్థులారా! సంతకు బోవు గృహస్థుడు ఏది కొనవలెనో, ఎంతకు మించి ఈయరాదో ఇంటనే నిశ్చయించుకొనును. దేశమునకును అదియే నీతి. ఆ నిశ్చయమందు రొయ్యల రైతు, తోట రైతు, నూనె కొను గృహిణి, ఈ మువ్వురి మాటయు వినబడవలయును. మాట వినబడనివారి మీదనే ఒడంబడిక భారము పడును.