తాళపుచెవి పోయిన కారు

కొన్ని నెలల క్రిందట ఒక రాత్రి, ప్రసారము ముగించుకొని మేము బయటికి వచ్చునప్పటికి, మా సహోద్యోగి యొకరు తమ కారు ప్రక్కన నిలుచుండి జేబులు తడుముకొనుచుండిరి. తాళపుచెవి ఎచ్చటనో జారిపోయినది. రెండవది ఇంట నున్నదా యని అడిగితిమి. కారు కొన్ననాడు ఇచ్చిన రెండింటిలో ఒకటి ఏనాడో పోయినదనియు, ఒకటి ఉన్నది గదా యని ఊరకుంటిమనియు వారు చెప్పిరి. ఆ మాట ఎంత ఖరీదైనదో మరునాడు వారికి తెలిసినది. శ్రోతలకు అట్టి అవస్థ కలుగకుండుటకై ఈ విషయమును కొంత వివరింప దలచితిమి.

పూర్వము కారు తాళపుచెవి యనగా గంట్లు కోసిన లోహపు రేకు మాత్రమే. వీధి మూలను గొడుగు క్రింద కూర్చుండు తాళముల పనివాడు ఆకురాయితో రాచి, కొద్దిసేపటిలో మరియొక దానిని చేసి ఇచ్చెడివాడు. ఇనుప బీరువాకైనను, కారునకైనను అదే విద్య. కాని ఆ విద్య దొంగకును అబ్బును గదా! అందుచేతనే ఇమ్మొబిలైజరు అను పరికరము పుట్టినది. ఐరోపాలో 1995లో చేసిన నిబంధన ననుసరించి 1998 అక్టోబరు నుండి కొత్త కార్లకు ఇది విధాయకమైనది. అమెరికాలో అట్టి విధి లేకపోయెను. 2011 మొదలు 2021 వరకు తయారైన కియా, హ్యుందాయ్ కార్లు కొన్నింటిలో ఈ పరికరము లేదన్న సంగతి సామాజిక మాధ్యమముల ద్వారా పొక్కగా, 2021 నుండి అచటి కుర్రవాండ్రు తాళము తొడుగు ఊడదీసి, యూఎస్‌బీ తీగ కొనతో త్రిప్పి, వాటిని తోలుకొని పోవుచు వచ్చిరి. పరికరము విలువ యెంతటిదో దీనివలన తెలియుచున్నది.

ఇది పనిచేయు తీరు రేడియో వారికి సుబోధము. తాళపుచెవి పిడిలో బియ్యపు గింజను పోలిన చిన్న చిప్పు ఒకటి దాగి ఉండును. దానికి బ్యాటరీ లేదు. తాళము చుట్టును అమర్చిన తీగచుట్ట సాధారణముగా 125 కిలోహెర్ట్జ్‌ల పౌనఃపున్యముతో అయస్కాంత క్షేత్రమును కల్పించును. మన మధ్యతరంగ ప్రసారములు సుమారు 530 కిలోహెర్ట్జ్‌ల నుండి మొదలగును. ఇది వాటికంటె చాల దిగువది, దీని పరిధియు కొద్ది అంగుళములే. ఆ క్షేత్రము నుండియే చిప్పు తనకు కావలసిన శక్తిని గ్రహించును. అప్పుడు కారు ఒక సంఖ్యను పంపును. చిప్పు తనలోని రహస్యముతో దానిని గణించి బదులు చెప్పును. బదులు సరియైనచో ఇంజను నడచును, కానిచో నడవదు. ప్రశ్న ప్రతిసారియు మారును గనుక నేటి సమాధానము రేపటికి చెల్లదు. తొలినాటి చిప్పులు మాత్రము ఎల్లప్పుడు ఒకే సంఖ్యను చెప్పెడివి.

దూరము నుండి తలుపు తీయు మీట వేరు, ఈ చిప్పు వేరు. మీటకు బ్యాటరీ కావలెను. అది అయిపోయినను రేకుతో తలుపు తీసి కారు నడుపవచ్చును.

ఇక మన ఇంటి ముంగిటికే వచ్చు తాళముల పనివాని సంగతి. ఆతని సంచిలో నేడు ఆకురాయితో పాటు గంట్లు కోయు యంత్రము, ప్రోగ్రాము చేయు పరికరము ఉండును. స్టీరింగు క్రింద నుండు ఓబీడీ అను సాకెట్టునకు ఆ పరికరమును తగిలించి, కొత్త చిప్పు గుర్తును కారు జ్ఞాపకములో చేర్చును. ఒక చెవి చేత నున్నప్పుడు ఈ పని సుళువు. ఏదియు లేనప్పుడు తలుపును నేర్పుగా తెరువవలెను, తాళమును పరీక్షించి గంట్ల లోతులు గుర్తింపవలెను, కారు రహస్య సంకేతమును సంపాదింపవలెను. కొన్ని కార్లలో ఇమ్మొబిలైజరునే ఊడదీయవలసి వచ్చును. మా సహోద్యోగి విషయమున పూట పని పట్టినది ఇందుచేతనే.

కొందరు ఉన్న చిప్పుకు అచ్చముగా నకలు తీసి ఇత్తురు. కారునకు రెండును ఒక్కటే. అందుచే వాటిలో ఒకటి పోయి, దానిని కారు జ్ఞాపకము నుండి తొలగించినచో రెండవదియు పనికిరాదు. కనుక నకలా, కొత్త చేర్పా యని ముందే అడుగవలెను.

ఇచట ముఖ్యమైన మాట ఒకటి కలదు. యజమానికి చెవి చేర్చిపెట్టు పరికరము దొంగకును చేర్చిపెట్టగలదు. అందుచేత మంచి పనివాడు ముందుగా బండి రిజిస్ట్రేషను పత్రమును, మన గుర్తింపు కార్డును చూపుమనును. అందులకు నొచ్చుకొనరాదు. అడుగని వానినే అనుమానింపవలెను. చెవి పోయినప్పుడు కొత్తది చేయించుటతో పని ముగియదు. పోయిన దాని గుర్తును తొలగింపజేయవలెను. అయినను లోహపు రేకు తలుపు తెరచుచునే ఉండును. తాళములు మార్పించు వరకు కారులో విలువైన వస్తువులు ఉంచరాదు. పోలీసు స్టేషనులో తెలిపి వ్రాతమూలకమైన రసీదు పొందుట మేలు. ఏలయన కారు చోరీ అయినప్పుడు బీమా సంస్థలు సాధారణముగా తాళపుచెవు లన్నిటిని అడుగును. ఒకటి ఎప్పుడు, ఎట్లు పోయెనో చూపలేనిచో చిక్కులు కలుగవచ్చును.

మా సహోద్యోగి కారునకు ఇప్పుడు రెండు చెవులు. రెండవది వారి ఇంటి దేవుని గూటిలో ఉన్నది. రెండవ చెవిని మొదటిది చేత నుండగనే చేయించవలెను. ఈ రాత్రి ఇంటికి వెళ్లిన పిమ్మట, తమ కారు రెండవ తాళపుచెవి ఎచట నున్నదో శ్రోత లొకమారు వెదకి చూతురు గాక.