మూకీగా తీసి, టాకీగా మార్చిన ‘వెల్‌కమ్ డేంజర్’

హాలీవుడ్ హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ తొలి టాకీ ‘వెల్‌కమ్ డేంజర్’ 1929 అక్టోబరులో విడుదలైంది. నిజానికి దాన్ని ముందు మూకీగానే తీశారు. సినిమా పూర్తయి, ప్రేక్షకులకు వేసి చూపించాక లాయిడ్ మనసు మార్చుకున్నాడు.

అందుకు కారణాన్ని తర్వాత ఆయనే చెప్పాడు. ఒక థియేటర్లో తన సినిమాతోపాటు ఒక రీలు టాకీ వేశారు. అందులో హాస్యం అంతంతమాత్రమే. అయినా నీళ్లు పోస్తున్న చప్పుడు, గుడ్లు వేగే చిటపట, గ్లాసులో ఐసుముక్కల గలగల వినిపిస్తే చాలు, జనం పడీపడీ నవ్వారు. ‘సేఫ్టీ లాస్ట్’ (1923)లో గడియారం ముల్లు పట్టుకుని వేలాడి మరీ నవ్వించినవాడికి ఇది మింగుడుపడే సంగతి కాదు. తన డబ్బుతో తానే సినిమాలు తీసుకునేవాడు కాబట్టి వెంటనే నిర్ణయం తీసుకోగలిగాడు. మూకీగా తీసిన సినిమాను దర్శకుడు క్లైడ్ బ్రక్‌మన్ టాకీగా మలిచాడు. కొన్ని సన్నివేశాలు మళ్లీ తీశారు, తక్కినవాటికి గొంతులు అతికించారు. ఆ అతుకులు ఇప్పటికీ తెలుస్తాయి: కొన్నిచోట్ల పెదవులు ఒకటంటే మాట ఇంకొకటి అంటుంది.

కథ పెద్దదేం కాదు. మొక్కల శాస్త్రం చదివే హెరాల్డ్‌ను, అతని తండ్రి పోలీసు అధికారిగా పేరు తెచ్చుకున్నాడు కదా అని, శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో నేరాలు అరికట్టడానికి పిలిపిస్తారు. వచ్చినవాడికి వేలిముద్రల పిచ్చి పట్టుకుంటుంది. కనిపించినవాళ్లందరి ముద్రలూ తీసుకుంటూ పోలీసుల ప్రాణం తోడేస్తాడు. చైనీయులను చూపించిన తీరు మాత్రం ఆనాటి హాలీవుడ్ మూస; ఇవాళ చూస్తే ఇబ్బందిగా ఉంటుంది.

శబ్దాన్ని నిజంగా వాడుకున్న ఘట్టం నేలమాళిగలో వస్తుంది. హెరాల్డ్, పోలీసు క్లాన్సీ చిమ్మచీకట్లో చిక్కుకుంటారు. తెర నల్లగా అయిపోతుంది. మాటలు, తడబాట్లు, దెబ్బల చప్పుళ్లే నవ్విస్తాయి. బొమ్మే ప్రాణమైన మూకీలో ఇలాంటి హాస్యం ఊహకైనా అందదు.

లాయిడ్ గొంతు వినాలన్న ఉబలాటంతో జనం విరగబడి చూశారు. సౌండు యంత్రాలు పెట్టని థియేటర్లకు మూకీ ప్రతినే పంపారు.

శబ్దం అన్నిసార్లూ ఆయనకు కలిసిరాలేదు. 1930లో ‘ఫీట్ ఫస్ట్’లో లాయిడ్ మళ్లీ మేడ గోడ మీద వేలాడాడు. మూకీలో అదే పనికి భయంతోపాటు నవ్వూ వచ్చేది. ఇక్కడ రొప్పులు, కేకలు చెవిన పడేసరికి ప్రమాదం మరీ నిజంగా తోచి, నవ్వు సన్నగిల్లింది.