కారు ఇంజన్ ఆయిల్ మూత: ఎందుకు మార్చాలి, ఎట్లా మార్చాలి

జీవామృతం, కషాయాల గురించి చెప్పుకునే చోట ఇయ్యాల కారు ముచ్చట ఎందుకని మీరు అనుకోవచ్చు. కానీ చెల్క కాడికి గోమూత్రం డబ్బాలు మోసేది, పల్లికాయ బస్తాలు మార్కెట్‌కు చేర్చేది ఈ బండే. దాని ఇంజన్ మీద అరచేతిలో పట్టేంత మూత ఒకటి ఉంటుంది. అది చెడిపోతే బండీ పాడైతది, మన మట్టీ పాడైతది. నాకు మట్టి పాడైంది, బండి కొద్దిలో తప్పింది. వీడియోలో చేసి చూపించిన పనినే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

నాకు ఏం జరిగింది

మాది దేవరకొండ దిక్కు, ఎర్ర చెల్క నేల. ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది, బండి పోతే బాట మీద దుబ్బ లేస్తుంది. మా పాత డీజిల్ కారు ఆయిల్ మూత కింద ఉండే రబ్బరు వాషర్ గట్టిపడి పగిలింది. దుకాణానికి పోవడానికి బద్ధకమై పాత సైకిల్ ట్యూబును గుండ్రంగా కత్తిరించి వేశాను. నీళ్ల పైపుకు వేసినట్టే కదా అనుకున్నా.

నెల తిరగకముందే, పల్లి విత్తనానికి కల్వకుర్తి పోయి వస్తుంటే కారులో కమురు వాసన మొదలైంది. బానెట్ ఎత్తితే మూత వదులై పక్కకు ఒరిగి ఉంది. ఇంజన్ పైభాగమంతా నల్లగా ఆయిల్. సైలెన్సర్ గొట్టం మొదట్లో పడిన ఆయిల్ కాలి పొగ లేస్తున్నది. ఆయిల్ గేజి తీసి చూస్తే కింది గీతకు కూడా అందలేదు. బండి అక్కడే ఆపి ఆయిల్ డబ్బా తెప్పించుకున్నా.

మెకానిక్ తమ్ముడు ట్యూబు ముక్కను వేళ్లతో నలిపి చూపించాడు. "అన్నా, ఇది నీళ్లకైతే పనికొస్తది, ఆయిల్‌కు కాదు. ఆయిల్ తాగి ఉబ్బుతది, మెత్తబడతది. ఇంకింత దూరం నడిపితే ఇంజన్ పట్టేసేది" అన్నాడు. ఇంజన్ పట్టేస్తే ఆ రిపేరుకు నాకు ఒక పంట పైసలు చాలవు.

తర్వాత బాయి కాడికి పోతే ఇంకో సంగతి కనబడింది. నేను రోజూ బండి నిలిపే వేపచెట్టు కింద నల్లటి మరక, అక్కడ గడ్డి పోచ లేదు. జీవామృతం డ్రమ్ముకు నాలుగడుగుల దూరం. 200 లీటర్ల నీళ్లలో వేసే గుప్పెడు గట్టు మట్టిని అందులోని సూక్ష్మజీవుల కోసమే కదా వేస్తాం! అదే మట్టి మీద నేనే ఆయిల్ కారుస్తున్నా. నిజంగా సిగ్గనిపించింది.

ఈ మూత చేసే పని

ఆయిల్ పోసే రంధ్రాన్ని ఈ మూత గాలి చొరకుండా మూసి ఉంచుతుంది. ఇంజన్ తిరిగేటప్పుడు లోపల ఆయిల్ పైదాకా వచ్చి చిందుతుంది. పిస్టన్ల పక్క నుంచి కొంత గ్యాసు కూడా కిందికి జారుతుంది. మూత సరిగా లేకపోతే ఆయిల్ బయటికి వస్తుంది, దుబ్బ లోపలికి పోతుంది. నల్గొండ బత్తాయి తోటలకు పోయినా, పాలమూరు చెల్కలకు పోయినా మన బాటల్లో దుబ్బ తప్పదు. ఆ సన్నటి ఇసుక ఆయిల్‌లో కలిస్తే బేరింగులను, పిస్టన్ రింగులను ఆకురాయి లెక్క అరగదీస్తుంది.

చెడిపోయిన గుర్తులు

మూత చుట్టూ తడి, దాని మీద దుబ్బ అంటి పేరుకోవడం. బానెట్ నుంచి కమురు వాసన, పొగ. గేజిలో ఆయిల్ తరచూ తగ్గడం. మూత తిప్పితే బిగుసుకోకపోవడం. వాషర్‌ను గోటితో నొక్కితే రాయిలా ఉండటం. చాలా పెట్రోల్ కార్లలో అయితే మూత నుంచి గాలి చొరబడి, నిలబెట్టినప్పుడు ఇంజన్ అదురుతుంది.

మూత లోపల మీగడ లాంటి తెల్లటి జిగురు కనబడితే కంగారు పడకండి. చలికాలంలో ఊళ్లోనే కొద్ది దూరాలు తిప్పితే తేమ కలిసి అట్లా అవుతుంది. అయితే రేడియేటర్ నీళ్లు కూడా తగ్గుతుంటే లోపల హెడ్ గ్యాస్కెట్ పోయిందేమో. వెంటనే మెకానిక్‌కు చూపించాలి.

మార్చే పద్ధతి

1. పాత మూతను దుకాణానికి తీసుకుపోండి, మోడల్, సంవత్సరం చెప్పండి. కొన్ని మూతలకు మరలు ఉంటాయి, కొన్ని పావు చుట్టుకే బిగుసుకుంటాయి. చూడటానికి ఒకేలా ఉన్నా పట్టు కుదరదు. కొన్నిటికి వాషర్ ఒక్కటే దొరుకుతుంది, అదైనా ఆయిల్‌కు తట్టుకునే రబ్బరుదే ఉండాలి.

2. బండిని చదునుగా ఉన్న చోట నిలిపి, ఇంజన్ ఆపి, అరగంట చల్లారనివ్వండి. ఇంజన్ నడుస్తుండగా మూత తీయొద్దు.

3. ఆయిల్ డబ్బా బొమ్మ ఉన్న మూతను గుర్తుపట్టండి. రేడియేటర్ మూతను వేడి మీద తీస్తే మసిలే నీళ్లు ముఖం మీదికి ఎగజిమ్ముతాయి.

4. తీసేముందే చుట్టూ ఉన్న దుబ్బను గుడ్డతో తుడవండి. చాలామంది మరిచేది ఇదే. అట్లనే తీస్తే ఆ దుబ్బంతా ఇంజన్‌లో పడుతుంది.

5. ఎడమకు తిప్పి తీయండి. రంధ్రం అంచును శుభ్రం చేయండి. పాత వాషర్ ముక్కలు అంటుకొని ఉంటే తీసేయండి, లోపల పడనివ్వొద్దు.

6. కొత్త వాషర్‌కు వేలితో ఒక చుక్క ఆయిల్ రాసి, మూత పెట్టి చేత్తోనే బిగించండి. పానా వాడితే ప్లాస్టిక్ మూత పగులుతుంది.

7. గేజి చూసి ఆయిల్ తక్కువుంటే పోసి మూత బిగించండి. ఐదు నిమిషాలు ఇంజన్ నడిపి మూత చుట్టూ చూడండి. మర్నాడు పొద్దున ఇంకోసారి చూడండి.

కొత్త మూత వేసినా ఆయిల్ వస్తుంటే తప్పు మూతది కాదు. లోపలి గ్యాసును తీసుకుపోయే బ్రీదర్ పైపు మూసుకుపోయి ఉండొచ్చు, లేదా పైకవరు కింది ప్యాకింగ్ పోయి ఉండొచ్చు. దారిలో మూత పడిపోతే గుడ్డ కుక్కి, కవర్ కట్టి నడపొద్దు. గుడ్డ లోపలికి పోవచ్చు, వేడికి అంటుకోవచ్చు.

చివరి మాట

వాడిన ఇంజన్ ఆయిల్‌ను 2016 నాటి నిబంధనలు ప్రమాదకర వ్యర్థంగా లెక్కగడతాయి. చెదలకని గుంజలకు పూయడం, గట్టు మీద పారబోయడం మానుకుందాం. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ కొనేవాళ్లకు ఇచ్చే గ్యారేజీలో అప్పగించండి. నేను ఆ నల్ల మట్టిని తవ్వి తీసి, బండి నిలిపే చోటును డ్రమ్ముకు దూరంగా మార్చాను. ఇప్పుడు వారానికోసారి గేజి తీసి చూస్తున్నా, మూత మీద చెయ్యి పెట్టి చూస్తున్నా. మీరు కూడా రేపు పొద్దున బాయి కాడికి పోయేముందు ఒకసారి బానెట్ ఎత్తి చూడండి.