ఆడిట్ అయిందట.. ఇక భయం లేదా?

ఆడిట్ అనగానే మనకు మార్చి నెలాఖరు, రసీదుల కట్టలు, కళ్లజోడు సర్దుకుంటూ 'ఈ ఓచరు ఏదమ్మా?' అని అడిగే ఆడిటరుగారు గుర్తొస్తారు. నేను చేసేదీ ఆడిటే. కానీ నా ముందు ఒక్క రసీదూ ఉండదు. కంప్యూటర్ ప్రోగ్రాము ఉంటుంది. అందులో ఒక్కో పంక్తినీ చదివి, దీన్ని అడ్డం పెట్టుకుని ఎవరైనా డబ్బు కాజేయగలరా అని చూడడం నా ఉద్యోగం. దీన్ని స్మార్ట్ కాంట్రాక్ట్ ఆడిట్ అంటారు.

మనకెందుకులే అని పేజీ తిప్పేయకండి. 'మా కాయిన్‌కి ఆడిట్ అయింది, మీ డబ్బుకు ఢోకా లేదు' అనే వాట్సాప్ సందేశాలు ఇప్పుడు చిన్న ఊళ్లకూ వస్తున్నాయి. ఆ మాటలో ఎంత నిజముందో తెలియాలంటే, ఆ ఆడిట్‌లో అసలేం చూస్తారో కాస్త తెలియాలి.

మీ వీధిలో చీటీలు నడిపే ఆవిడను తలచుకోండి. ఎవరెంత కట్టారో పుస్తకంలో రాస్తుంది. పాట పాడుకున్నవారికి డబ్బు ఇస్తుంది. తన కమిషన్ తాను తీసుకుంటుంది. ఈ పనంతా మనిషి బదులు ఒక ప్రోగ్రాము చేస్తే? ఆ ప్రోగ్రామునీ, దాని లెక్కలనీ వేల కంప్యూటర్లు ఒకేలా దాచుకునే ఉమ్మడి పుస్తకంలో పెడితే? ఆ పుస్తకం బ్లాక్‌చెయిన్. అందులో పెట్టిన ప్రోగ్రాము స్మార్ట్ కాంట్రాక్ట్. 2015 జూలైలో మొదలైన ఇథీరియంతో ఇవి వాడుకలోకి వచ్చాయి. అక్కడ చెల్లే డబ్బును ఈథర్ అంటారు.

తేడా ఒకటుంది. చీటీలావిడ లెక్క తప్పు రాస్తే కొట్టేసి మళ్లీ రాస్తుంది. ఇక్కడ కొట్టివేతలుండవు. ప్రోగ్రాములో ఏం రాసి ఉందో అదే జరుగుతుంది, రాసినవాళ్ల మనసులో ఏముందో దానికి అనవసరం. పైగా చాలా కాంట్రాక్టుల కోడ్‌ను ఎవరైనా తెరిచి చదవొచ్చు. దొంగ కూడా మాలాగే కూర్చుని ఓపిగ్గా చదువుతాడు. అతనికంటే ముందు మేం చదవాలి, అంతే.

ముందు రాయాలి.. తర్వాతే ఇవ్వాలి

మేం వెతికే లోపాల్లో బాగా పేరు మోసినది రీఎంట్రన్సీ. పేరు చూసి బెదరక్కర్లేదు. బ్యాంకులో మీ ఖాతాలో 10 వేలు ఉన్నాయనుకోండి. అక్కడి క్యాషియరుకు డబ్బు ముందు ఇచ్చేసి, తర్వాత పుస్తకంలో తగ్గించే అలవాటు. డబ్బు చేతిలో పడీ పడగానే, అతను పెన్ను తీసేలోపే 'ఇంకో 10 వేలు ఇవ్వండి' అన్నారు. అతను పుస్తకం చూస్తాడు. 10 వేలూ అలాగే ఉన్నాయి. ఇచ్చేస్తాడు. మళ్లీ అడుగుతారు, మళ్లీ ఇస్తాడు. మనిషయితే రెండోసారికే తలెత్తి మొహం చూస్తాడు. ప్రోగ్రాముకు మొహమాటమూ లేదు, అనుమానమూ లేదు. డబ్బు అందుకునేది కూడా ఇంకో ప్రోగ్రామే కావచ్చు కనుక, అందుకున్న క్షణంలోనే మళ్లీ చెయ్యి చాపేలా దాన్ని రాసిపెట్టుకోవచ్చు.

సరిగ్గా ఇదే 2016లో జరిగింది. 'ది డావో' అని ఒక ఉమ్మడి నిధి. మేనేజరు లేడు, కాంట్రాక్టే నడుపుతుంది. 11 వేల మందికి పైగా అప్పటి విలువలో సుమారు 15 కోట్ల డాలర్ల ఈథర్ పోగేశారు. ఇలాంటి లోపం ఉందని నిపుణులు కొద్ది రోజుల ముందే హెచ్చరించారు కూడా. జూన్ 17న ఎవరో ఆ దారినే వచ్చి 36 లక్షల ఈథర్ తోడేశారు. నిబంధన ప్రకారం ఆ సొమ్ము కొన్నాళ్లు కదలకుండా ఉండాలి కాబట్టి కాస్త వ్యవధి దొరికింది. జూలై 20న ఏకంగా లెక్కల పుస్తకాన్నే మార్చి, పోయినవాళ్లకు డబ్బు తిరిగి వచ్చే ఏర్పాటు చేశారు. రాసిన లెక్క మార్చడమేమిటని ఒప్పుకోనివాళ్లు పాత పుస్తకాన్నే కొనసాగించారు. ఇథీరియం క్లాసిక్ పేరుతో అది నేటికీ నడుస్తోంది. అంటే రెండు మూడు పంక్తుల వరుస తప్పినందుకు ఇల్లు రెండు వాటాలైందన్నమాట!

దీనికి మందు మన చీటీలావిడకు ఎప్పుడో తెలుసు. ముందు సరిచూడు, తర్వాత పుస్తకంలో రాయి, ఆఖరున డబ్బివ్వు. కోడ్ చదివేటప్పుడు డబ్బు బయటికి పోయే ప్రతిచోటా నేను ఆగుతాను. లెక్క సర్దడం దానికి పైన ఉందా, కింద ఉందా? కింద ఉంటే ఆ రోజు కాఫీ చల్లారిపోయినట్టే.

వరుస మార్చడమే కాక, ఒకరి పని పూర్తయ్యేదాకా మరో పిలుపు లోపలికి రాకుండా తాళం లాంటిది కూడా వేస్తారు. 2023 జూలైలో 'కర్వ్' నిధుల్లో కొన్నిటికి ఆ తాళం ఉంది. అయినా దోపిడీ జరిగింది. కారణం, ఆ కోడ్ రాసిన వైపర్ భాష పాత వెర్షన్లు కొన్నిటిలో తాళమే సరిగా పడడం లేదు! కాంట్రాక్టు ఎన్నిసార్లు చదివినా ఇది కనిపించేది కాదు. ఈ ఉదంతం తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

బీరువా తాళాలు ఎవరి చేతిలో?

రెండో రకం లోపం, ఎవరికి ఏ అధికారం ఉందో తేల్చకపోవడం. 2017లో 'పారిటీ' వాలెట్లు ఇందుకు ఉదాహరణ. వాలెట్ అంటే డబ్బు దాచుకునే సంచీ అనుకోండి. వందల వాలెట్లు కలిసి ఒకే ఉమ్మడి కాంట్రాక్టు మీద ఆధారపడ్డాయి. ఆ ఉమ్మడి కాంట్రాక్టుకు యజమాని ఎవరో నమోదు చేయకుండా వదిలేశారు. నవంబరులో ఒకరు వచ్చి తమనే యజమానిగా నమోదు చేసుకుని, దాన్ని చెరిపేసే ఆదేశం నొక్కారు. కావాలని కాదు, పొరపాటున జరిగిందని ఆ వ్యక్తే చెప్పుకొచ్చారు. 587 వాలెట్లలోని 5 లక్షల 13 వేలకు పైగా ఈథర్ అక్కడికక్కడే బిగుసుకుపోయింది. దొంగా తినలేదు, సొంతదారుకీ దక్కలేదు. పుస్తకంలో కనిపిస్తూనే ఉంటుంది!

లెక్క పొంగిపోవడం ఇంకోటి. పాత స్కూటర్ మీటరు 99,999 దాటితే మళ్లీ సున్నాలు వచ్చేవి, గుర్తుందా? కంప్యూటర్ అంకెలకూ అలాంటి అంచు ఉంది. 2018 ఏప్రిల్‌లో 'బ్యూటీచెయిన్' కాయిన్ దగ్గర ఒకరు ఇద్దరికి అతి పెద్ద మొత్తం పంపమన్నారు. ఒక్కొక్కరి మొత్తాన్ని రెండుతో హెచ్చవేస్తే మీటరు తిరిగి సున్నా వచ్చింది. 'సున్నాయే కదా, ఉంది' అని కాంట్రాక్టు ఒప్పుకుని, ఇద్దరికీ అంతులేనన్ని కాయిన్లు రాసిచ్చింది. 2020 డిసెంబరులో వచ్చిన సాలిడిటీ 0.8 నుంచి ఇలాంటి లెక్క వస్తే భాషే ఆపేస్తుంది. ఆ బెడద చాలావరకు తగ్గింది.

ధరల సంగతి అలా తగ్గలేదు. చిన్న సంతలో ఉన్న టమాటా అంతా ఒకరే కొనేసి ధర పెంచి, ఆ ధర చూపించి బుట్టెడు టమాటా మీద ఎకరం ఖరీదంత అప్పు తీసుకుంటే ఎలా ఉంటుంది? ఒక్క చిన్న బజారు ధరనే నమ్మే కాంట్రాక్టుల దగ్గర ఇదే చేస్తారు. 2020 ఫిబ్రవరిలో 'బీజెడ్‌ఎక్స్' అనే అప్పుల వేదిక కొద్ది రోజుల తేడాతో రెండుసార్లు ఇలాంటి ఎత్తుకు డబ్బు పోగొట్టుకుంది.

ఇక నా పని తీరు. కోడ్ చేతికి రాగానే, ఇక మార్చబోమని వాళ్ల దగ్గర మాట తీసుకుంటాం. స్లిథర్ వంటి సాధనాలతో ఒకసారి జల్లెడ పడతాం. తెలిసిన తప్పుల్ని అది పట్టిస్తుంది. ఎకిడ్నా వంటివాటితో వేలకొద్దీ అడ్డదిడ్డమైన ఆదేశాలిచ్చి చూస్తాం. ఆ తర్వాత మిగిలేది కళ్లతో చదవడమే. ఒకరు చదివింది ఇంకొకరు చదువుతారు. దొరికిన లోపాలకు తీవ్రతను బట్టి వరుస పెట్టి రిపోర్టు రాస్తాం. వాళ్లు దిద్దాక, ఆ దిద్దుబాటునూ చూస్తాం. దిద్దుతూ దిద్దుతూ కొత్త తప్పు చేయడం మామూలే. నేర్చుకోవాలన్న ఆసక్తి ఉన్న అమ్మాయిలకు 'ఎథర్‌నాట్' అనే ఆట ఉచితంగా దొరుకుతుంది. ఒక్కో మెట్టులో ఒక్కో లోపమున్న కాంట్రాక్టును మనమే పగలగొట్టాలి. 2022లో ఒకే ఒక్క లోపం పట్టిచ్చినందుకు 'వార్మ్‌హోల్' కోటి డాలర్ల బహుమానం ఇచ్చింది. అది చూసి ఉద్యోగం మానేయకండి. లాటరీ తగిలినవారి ఫొటోయే పేపర్లో వస్తుంది కదా.

ముద్ర ఉంది.. లోపల ఏముంది?

పోయిన దసరాకి వచ్చినప్పుడు మా ఆడపడుచు ఫోన్ తెరిచి చూపించింది. "వదినా, ఇది చూడు. ఆడిట్ పాస్ అని ఆకుపచ్చ ముద్ర కూడా వేశారు. మా కాలనీలో నలుగురు పెట్టారు. నీ పని ఇదేగా, ఇంక భయమేమిటి?"

ఆడిట్ చెప్పేది ఒక్కటే. ఫలానా రోజున, ఫలానా కోడ్‌ను చదివితే, ఫలానా లోపాలు కనిపించాయి. అంతకు మించి కాదు. 'యూలర్' అనే వేదికను అనేక సంస్థలు ఆడిట్ చేశాయి. తర్వాత చేర్చిన ఒక సదుపాయంలో ఒక్క పరీక్ష మరిచిపోయారు. 2023 మార్చిలో 19 కోట్ల డాలర్లకు పైగా పోయింది. దోచినవాళ్లే మూడు వారాల్లో చాలావరకు తిరిగివ్వడం వాళ్ల అదృష్టం. మన దేశంలో 'వజీర్‌ఎక్స్' నుంచి 2024 జూలైలో దాదాపు 2 వేల కోట్ల రూపాయల విలువైన కాయిన్లు పోయాయి. సంతకాలు పెట్టేవారికి తెరపై కనిపించింది ఒకటి, సంతకం పడింది వేరొకటి అని ఆ సంస్థ చెప్పింది. కోడ్ చదివితే తేలే విషయం కాదది.

రాసినవాడి బుద్ధే వంకరైతే? 2021లో ఒక కొరియా సీరియల్ పేరు వాడుకుని 'స్క్విడ్' కాయిన్ వచ్చింది. కొనడం సులువు, అమ్మబోతే వీలుకాదు. ధర 2,800 డాలర్లు దాటాక, నవంబరు 1న దాన్ని నడిపినవాళ్లు 33 లక్షల డాలర్లతో మాయమయ్యారు. పన్ను కడుతున్నాం కాబట్టి సర్కారు హామీ ఉన్నట్టే అనుకునేవాళ్లూ ఉన్నారు. 2022 ఏప్రిల్ నుంచి లాభంపై 30 శాతం పన్ను ఉన్న మాట నిజమే. బ్యాంకు డిపాజిట్‌కు ఉన్నట్టు బీమా మాత్రం లేదు.

నేను ఆడపడుచును ఆ ముద్ర వదిలేసి అసలు రిపోర్టు తెరవమన్నాను. ముందు తేదీ, ఏయే భాగాలు చదివారో చూశాం. అందులోని కాంట్రాక్టు చిరునామా, డబ్బు పంపమంటున్న చిరునామా ఒకటేనా అని పోల్చాం. ఒకటే. తర్వాత లోపాల పట్టిక. ప్రతి లోపం పక్కనా 'దిద్దారు' అనో 'తెలుసు, అలాగే ఉంచుతున్నారు' అనో ఉంటుంది. ఈ రెండో మాటకే అసలు విలువ. పదకొండో పేజీలో తీవ్రమైన లోపాల కింద 'యజమాని ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్మకాలు ఆపగలడు' అని ఉంది. దాని పక్కన, 'తెలుసు, అలాగే ఉంచుతున్నారు'. చదివినవాళ్లు తమ పని సరిగానే చేశారు. ముద్ర వేసుకున్నవాళ్లు ఆ పేజీ ఎవరూ తెరవరన్న ధీమాతో ఉన్నారు.

ఆమె ఆ వాక్యం రెండుసార్లు చదివించుకుని, అక్కడే కూర్చుని కాలనీలో నలుగురికీ ఫోన్లు చేసింది. ఇద్దరు ఆ రాత్రే అమ్మేసుకోగలిగారు. మూడో ఆవిడ 'మా తమ్ముడు చెప్పాడు, ఏం కాదులే' అంది. నాలుగో ఆవిడ ఫోను ఎత్తలేదు.

డబ్బు పోయిందని తెలిస్తే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. పంపిన చిరునామా, లావాదేవీ సంఖ్య, వాట్సాప్ సందేశాలు చెరపకుండా ఉంచండి. ఎంత ఆలస్యమైతే ఆ డబ్బు అన్ని చేతులు మారుతుంది.