పీపీఏ సహాయ పత్రాలు: పాఠకుని అవసరం, రచనాక్రమం

సాఫ్ట్‌వేర్‌ను రాయడం ఒక పని, దానిని ఇతరుల కంప్యూటర్లకు చేర్చడం మరొక పని. ఉబుంటు వాడుకరులకు ఈ రెండవ పనిని సుగమం చేయడానికి కెనానికల్ సంస్థ తన లాంచ్‌ప్యాడ్ వేదికపై 2007లో పర్సనల్ ప్యాకేజ్ ఆర్కైవ్ అనే సేవను ప్రవేశపెట్టింది. వాడుకలో దీనిని పీపీఏ అంటారు. రచయిత సోర్స్ కోడ్‌ను మాత్రమే పంపుతాడు. దానిని ప్యాకేజీగా నిర్మించేవి లాంచ్‌ప్యాడ్ యంత్రాలు. సొంత కంప్యూటర్‌లో తయారైన బైనరీని పంపడానికి వీలులేదు. కొత్తవారికి ఎదురయ్యే చిక్కుల్లో చాలావాటికి మూలం ఈ ఏర్పాటులోనే ఉంది. ఆ చిక్కులను విప్పవలసిన బాధ్యత సహాయ పత్రాలది.

మౌనంగా జరిగే తిరస్కరణ

పంపే ప్రతి ప్యాకేజీపై జీపీజీ కీతో సంతకం ఉండాలి. ఆ కీ లాంచ్‌ప్యాడ్‌లో ముందుగా నమోదై ఉండాలి. నమోదు కాని కీతో సంతకం చేస్తే పంపినవారెవరో వ్యవస్థకు తెలియదు. తెలియనివారికి ఈ-మెయిల్ పంపడం సాధ్యం కాదు. కాబట్టి తిరస్కరణ మౌనంగా జరుగుతుంది. మరోవైపు డీపుట్ ఆదేశం ప్యాకేజీ విజయవంతంగా చేరిందనే చెబుతుంది. ఆ మాటకు అర్థం ఫైళ్లు అవతలికి చేరాయని మాత్రమే, అవి అంగీకారం పొందాయని కాదు. యంత్రం మాట్లాడని ఇలాంటి చోట మాట్లాడగలిగింది సహాయ పత్రం ఒక్కటే. ఈ సంగతి కీల అధ్యాయంలో ఎక్కడో ఒక వాక్యంగా ఉంటే చాలదు. ‘పంపాను, జవాబు రాలేదు’ అని వెదికే పాఠకునికి ఆ మాటల కిందనే దొరకాలి.

నిర్మాణ దశలోనూ ఇటువంటిదే మరొకటి ఉంది. లాంచ్‌ప్యాడ్ నిర్మాణ యంత్రాలకు బయటి ఇంటర్నెట్ అందుబాటులో ఉండదు. నిర్మాణ సమయంలో ఏదైనా గ్రంథాలయాన్ని డౌన్‌లోడ్ చేసుకొనే ప్రోగ్రాం ఇంట్లో చక్కగా తయారై, అక్కడ విఫలమవుతుంది. లాగ్‌లో కనిపించేది నెట్‌వర్క్ దోషం. అసలు కారణం సేవ యొక్క నియమం.

నియమం, కారణం

డానియేల్ ప్రొచీదా ప్రతిపాదించిన డయాటాక్సిస్ పద్ధతి డాక్యుమెంటేషన్‌ను నాలుగు విధాలుగా విభజిస్తుంది: నేర్పే పాఠం, పని చేయించే సూచన, సంప్రదించే ఆకరం, అర్థం చేయించే వివరణ. కెనానికల్ తన పత్రాలకు ఈ పద్ధతినే స్వీకరించింది. మొదటి ప్యాకేజీని కట్టే విద్యార్థికి, ఒక వెర్షన్‌ను తొలగించదలచిన అనుభవజ్ఞునికి ఒకే పుట సరిపోదనేది ఇందులోని సారం.

అయితే ఈ విభజనను యాంత్రికంగా పాటించడం మంచిది కాదు. వెర్షన్ సంఖ్యల సంగతే చూడవచ్చు. 1.0-1ubuntu1 అనే అధికారిక ప్యాకేజీకి సొంత రూపం చేసేవారు చివర ~ppa1 అని చేర్చుతారు. డెబియన్ క్రమంలో టిల్డె గుర్తు ఉన్న రూపం, లేని రూపం కంటే చిన్నది. అందువల్ల అధికారిక రూపం వెలువడగానే సొంత రూపం స్థానాన్ని అది ఆక్రమిస్తుంది. కారణం తెలియనివారికి ఆ గుర్తు అలంకారంగా తోచి, వదిలివేసే ప్రమాదం ఉంది. ఒకసారి పంపిన వెర్షన్ సంఖ్యను, ప్యాకేజీని తొలగించినా తిరిగి వాడలేమన్న నియమమూ ఇటువంటిదే. చిన్నయసూరి సూత్రం చెప్పి వెంటనే వివరణ, ఉదాహరణలు ఇస్తాడు. వాటికోసం పాఠకుడిని వేరొక గ్రంథానికి పంపడు. ఇక్కడ ఆ పద్ధతే మేలు.

రెండవ పాఠకుడు

పత్రాలు ఎక్కువగా ప్యాకేజీ కట్టేవారిని ఉద్దేశించినవి. దానిని తన కంప్యూటర్‌లోకి తెచ్చుకొనేవాడు రెండవ పాఠకుడు. ప్యాకేజీ స్థాపన సర్వాధికారాలతో జరుగుతుంది. సంతకం ప్యాకేజీ ఎక్కడి నుంచి వచ్చిందో ధ్రువీకరిస్తుందే తప్ప, అది మంచిదని హామీ ఇవ్వదు. పీపీఏను చేర్చే ఆదేశం ఇచ్చినప్పుడు, యజమాని రాసిన పరిచయ వాక్యాలు తెరపై కనిపించి, ఎంటర్ నొక్కమని అడుగుతుంది. వాడుకరి ఆగి చదివే అవకాశం ఉన్నది అక్కడే. యజమానులకిచ్చే సూచనలలో ఈ పరిచయ రచనకు ప్రత్యేక స్థానం కల్పించాలి. ఏ ఉబుంటు వెర్షన్లకు ప్యాకేజీలున్నాయి, అవి ప్రయోగ దశలో ఉన్నాయా, పీపీఏ-పర్జ్ ఆదేశంతో అధికారిక రూపాలకు ఎలా మరలిరావచ్చు అనే మూడు విషయాలైనా అందులో ఉండాలి.