చీపురుకఱ్ఱతో సాగిన పందెము

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. ఆ దారిని ఒక్కదినమున ఏడుమారులు సైకిలు త్రొక్కుమన్నచో మనకు గుండె యదరును. 1924వ సంవత్సరమున ఇటలీదేశమున జరిగిన ‘జిరో డిటాలియా’ పందెమునందు ఒక్కొక్క మజిలీ సగటున అంతకంటె నధికము: 12 మజిలీలు, 3,613 కిలోమీటర్లు.

ఆ యేట ధనవిషయమున వివాదము పుట్టి ప్రసిద్ధములైన జట్లు రాలేదు. కావున నిర్వాహకులు ఒంటరిగా వచ్చినవారిని చేర్చుకొనిరి. వారిలో అల్ఫోన్సీనా స్ట్రాడా యను 33 ఏండ్ల వనిత యొకతె.

ఎనిమిదవ మజిలీలో, గాలివానలో, ఆమె సైకిలు హ్యాండిలు విఱిగెను. దానికి చీపురుకఱ్ఱను గట్టి పెరూజియా చేరెను. కాని గడువు దాటిపోయెను. నిర్వాహకు లామెను పోటీలెక్కనుండి తీసివేసిరి. పందెముతో సాగుటకు మాత్ర మనుమతించిరి. బయలుదేరిన 90 మందిలో కడవరకు లెక్కకు నిలిచినవారు 30 మంది. లెక్కకు రాని యామెయు మిలాను చేరెను.

“ఆడపిల్లకు సైకి లెందుకు? చీపురు పట్టింపుము” అను మాటను మేము మావీధిలో నేటికిని వినుచున్నాము. ఇకమీద అట్టివారి కీ కథ చెప్పెదము.