రెండో దారి

రౌటర్ లాంటి ఒక పెట్టె పాడైనా, ఒక తీగ తెగినా నెట్ ఆగకుండా ముందే పెట్టుకునే అదనపు ఏర్పాటును రిడండెన్సీ అంటారు. దానివల్ల వచ్చే భరోసా హై అవైలబిలిటీ. ఏడాదిలో 99 శాతం కాలం పనిచేసే రౌటర్ అంటే గట్టిదే అనిపిస్తుంది. కానీ మిగిలిన ఆ ఒక్క శాతమే 87 గంటలు దాటుతుంది. అలాంటివి రెండు పెట్టి, ఒకటి పడిపోతే రెండోది అందుకునేలా చేస్తే, రెండూ ఒకేసారి ఆగే సమయం ఏడాదికి 53 నిమిషాలకు తగ్గుతుంది. అయితే ఒకదాన్ని పడగొట్టిన కారణం రెండోదాన్ని తాకకూడదు. అప్పుడే ఈ లెక్క నిలబడుతుంది. రెండు బోర్లకూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే, అది కాలిన రోజు రెండు మోటర్లూ ఆగుతాయని సీమ రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

గండికోటలో నిలబడి చూస్తే ఈ షరతు బరువు తెలుస్తుంది. ఉత్తరాన పెన్నా కోసుకుపోయిన లోయ. చుట్టూ ఎర్రమల కొండలు. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్ల రోడ్డు. శత్రువు నాలుగు దిక్కుల నుంచీ రాలేకపోవడమే ఒకప్పుడు ఆ కోట బలం. కోటలోపల ఉన్న ఊరికి ఫైబర్ వేయాలంటే అదే ఇబ్బంది. ఒకే రోడ్డు వెంట రెండు కేబుళ్లు లాగితే కాగితం మీద రెండు దారులు కనిపిస్తాయి. నాపరాళ్ల లోడుతో వెళ్లే లారీ ఒక స్తంభాన్ని గుద్దిందంటే రెండూ కలిసే తెగుతాయి. అలాంటి చోట రెండో దారి నేల మీద కాకుండా గాలిలో వెతకడం మేలు: మైక్రోవేవ్ లింకు, మొబైల్ సిగ్నల్, లేదంటే ఉపగ్రహం. వేగం తగ్గినా బిల్లు కట్టడానికి, అంబులెన్సును పిలవడానికి సరిపోతుంది.

2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ తన కేబుళ్లను ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే తీసుకెళ్లింది. తవ్వకం లేదు, ఖర్చు తక్కువ, పని త్వరగా అయింది. మంచి ఆలోచనే. కాకపోతే స్తంభం కూలితే కరెంటూ నెట్టూ ఒక్కసారే పోతాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వేలాది స్తంభాలను పడగొట్టినప్పుడు విశాఖ చీకట్లో పడింది, ఫోన్లూ మూగబోయాయి. అందుకే కేబుల్‌ను రింగులా చుట్టి తెస్తారు. ఒకచోట తెగితే సమాచారం వెనక్కి తిరిగి రెండో వైపు నుంచి చేరుతుంది.

పెట్టె లోపలా ఇదే సూత్రం. పెద్ద రౌటర్‌కు రెండు పవర్ సప్లైలు ఉంటాయి. ఒకటి మెయిన్ లైనుకు, రెండోది యూపీఎస్‌కు కలపాలి. రెండు ప్లగ్గులూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు గుచ్చితే డబ్బు దండగ. దారులు నిర్ణయించే కంట్రోల్ కార్డులూ రెండు. ఒకటి పనిలో ఉంటే, రెండోది దాని జ్ఞాపకాన్ని ఎప్పటికప్పుడు రాసుకుంటూ కాచుకుని ఉంటుంది.

కంప్యూటర్లను కలిపే స్విచ్‌ల మధ్య రెండు తీగలు వేస్తే అవి వలయంగా మారి కొత్త చిక్కు వస్తుంది. అందరికీ ఉద్దేశించిన సందేశం ఒకటి బయల్దేరి ఆ వలయంలో తిరుగుతూ, ప్రతి చుట్టుకూ పెరుగుతూ, క్షణాల్లో నెట్‌వర్క్ మొత్తాన్ని ముంచేస్తుంది. దీనికి 1985లో రేడియా పెర్ల్‌మన్ స్పానింగ్ ట్రీ అనే పద్ధతి కనిపెట్టారు. స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని అదనపు తీగను మూసి ఉంచుతాయి, అసలుది తెగితే దాన్ని తెరుస్తాయి. మొదట్లో ఆ మార్పుకు 30 నుంచి 50 సెకన్లు పట్టేది. 2001లో వచ్చిన ర్యాపిడ్ రకం సాధారణంగా ఒకట్రెండు సెకన్లలోనే ముగిస్తుంది.

ఇక ఆఫీసులోని కంప్యూటర్లన్నిటికీ బయటికి వెళ్లే ద్వారం ఒకే చిరునామా. ఆ చిరునామా ఉన్న రౌటర్ చచ్చిపోతే? వీఆర్ఆర్పీ పద్ధతిలో రెండు రౌటర్లు ఒకే ఊహా చిరునామాను పంచుకుంటాయి. ప్రధాన రౌటర్ సెకనుకోసారి ‘ఉన్నాను’ అని చెబుతుంది. సుమారు మూడు సెకన్లు ఆ మాట వినబడకపోతే రెండోది ఆ చిరునామాను తనదిగా చేసుకుని పని అందుకుంటుంది. కంప్యూటర్లలో ఏ సెట్టింగూ మార్చనక్కర్లేదు.

ఏళ్ల తరబడి వాడని స్టాండ్‌బై నిజంగా పనిచేస్తుందో లేదో చూసి తెలుసుకోవలసిందే. జనం తక్కువ వాడే అర్ధరాత్రి వేళ, ముందుగా చెప్పి, అసలు కేబుల్‌ను చేత్తో పీకి చూడాలి. అటు దీపం ఆరాక ఇటు పోర్టులో పచ్చ దీపం ఎన్ని సెకన్లకు మినుకుమినుకుమందో రాసి పెట్టుకోవాలి. తర్వాత కేబుల్ తిరిగి గుచ్చి, పని మళ్లీ అసలు దారికి మారే వరకు చూడాలి. ఎందుకంటే ఆ తిరుగు ప్రయాణంలో కూడా కొన్నిసార్లు నెట్ తెగుతుంది.